బిడ్డకి వైద్యమంటే ఇంటిల్లిపాదినీ ఎందుకు పిలుస్తారు?

మా పెద్దక్క వాళ్లది అనంతపురం దగ్గర పల్లె. బావ పని కోసం బెంగళూరు వచ్చి పదేళ్లుగా రామమూర్తి నగర్‌లో ఉంటున్నారు. కొడుకు తొమ్మిదో తరగతి. పోయినేడు వాడు బడికి పోవడం తగ్గించాడు, తిండి తగ్గించాడు. బళ్లో టీచరు చెప్పాక ఒక పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడకి కన్నడం, ఇంగ్లిష్ వచ్చు. అక్కకి తెలుగు, కూరగాయల బేరానికి సరిపడే కన్నడం. తోడుగా నేనూ వెళ్లాను.

"ఇంట్లో ఎలా ఉంటాడు?" అని డాక్టరు గారు అడిగారు. అక్క పిల్లాడి వైపు తిరిగింది. "చెప్పు నాయనా, రాత్రిపూట మిద్దెపైకి పోయి ఒక్కడివే కూర్చుంటావని చెప్పు. నాకు గుండె దడగా ఉంటాదని చెప్పు." వాడు తల వంచుకుని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క చెప్పాడు, టెర్రస్ మీద కూర్చుంటానని. తల్లి గుండెదడ మాత్రం డాక్టరు దాకా చేరలేదు. నేను కల్పించుకుని చెప్పాల్సి వచ్చింది.

పిల్లల మానసిక వైద్యంలో కుటుంబం పాత్ర గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గదే గుర్తొస్తుంది. అమ్మానాన్నలు ఎదురుగానే కూర్చుంటారు, అయినా వాళ్లు ఆ వైద్యంలో లేనట్టే ఉంటుంది. అలా ఎందుకవుతుంది, దానిమీద పరిశోధనలూ చట్టమూ ఏం చెబుతున్నాయి అన్నదే ఈ వ్యాసం.

బడి నుంచి ఆ ఫోన్ ఎందుకొస్తోంది

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు అందులో ఉన్నాయి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. తల్లిదండ్రులకి అవగాహన కార్యక్రమాలు పెట్టాలని కూడా కోర్టు చెప్పింది. అంటే "మీ పాప గురించి ఒకసారి మాట్లాడాలి, రండి" అనే ఫోన్ ఇకమీద ఎక్కువ ఇళ్లకి వస్తుంది.

ఆ ఫోన్ వచ్చిన ఇంట్లో మొదట పుట్టేది భయం. మన ఇంటికే ఎందుకొచ్చిందీ అనుకుంటారు. లెక్క చూస్తే ఇది అరుదైన సంగతేమీ కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. పల్లెల్లో అది 6.9 శాతమైతే, పెద్ద నగరాల్లో 13.5 శాతం. నలభై మంది కూర్చునే నగరపు తరగతి గదిలో ఆ లెక్కన సుమారు ఐదుగురు. పెద్దవాళ్లలో చూస్తే, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్: ఎవరి పని ఏమిటి

ఎవరి దగ్గరికి వెళ్తున్నామో స్పష్టంగా తెలియకపోవడం వల్ల చాలా గందరగోళం వస్తుంది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చేసి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా చేసే థెరపీ ఇస్తారు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఇంటి పరిస్థితులు, బడి, డబ్బు, సర్టిఫికెట్లు లాంటివి చూస్తారు. కుటుంబంతో ఎక్కువసేపు మాట్లాడేది తరచూ వీళ్లే. ఇక కౌన్సెలర్ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మంచివాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఆ పేరు ఒక్కటే చూస్తే చదువెంతో తెలియదు. అందుకని "మీరేం చదివారు?" అని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

"తప్పు మాదంటారా?"

అమ్మానాన్నలు చాలాసార్లు పైకి అడగని ప్రశ్న ఇది. డాక్టరు పిల్లాడితో పది నిమిషాలు మాట్లాడి, వాడిని బయట కూర్చోమని చెప్పి, గంటసేపు తమను ప్రశ్నలడిగితే విచారణ జరుగుతున్నట్టే అనిపిస్తుంది. కాన్పు ఎలా జరిగింది, మాటలెప్పుడొచ్చాయి, మీరిద్దరూ గొడవ పడతారా, ఇంట్లో ఎవరైనా తాగుతారా. మా బావ మొదటిరోజు ఇంటికొచ్చి అన్నది ఇదే: "వాడికి జబ్బని పోతే నన్ను బోనెక్కించినారు."

ఆ ప్రశ్నలు ఎందుకో చెప్పకుండా అడగడం వైద్యం చేసేవాళ్ల లోపమే అని నా అభిప్రాయం. కారణం చెబితే అర్థం కానిది ఏమీ లేదు. వారంలో 168 గంటలుంటాయి. వారానికో సెషన్ అంటే థెరపీ గదిలో గడిచేది ఒక గంట. మిగతా 167 గంటలూ బిడ్డ ఇంట్లోనో, బళ్లోనో ఉంటాడు. ఆ ఒక్క గంటలో నేర్చుకున్నది నిలబడాలంటే ఈ 167 గంటల్లో ఏం జరుగుతోందో తెలియాలి. కారణం ఎక్కడున్నా, మార్పు రావాల్సిన చోటు ఎక్కువగా ఇల్లే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదేళ్ల పాపకి దొంగలొస్తారని విపరీతమైన భయం. రాత్రి పడుకునే ముందు "అమ్మా, తాళం వేశావా?" అని అడుగుతుంది. అమ్మ వేశానంటుంది. ఐదు నిమిషాలకి మళ్లీ అడుగుతుంది. అమ్మ లేచి, తలుపు దాకా వెళ్లి, తాళం లాగి చూపిస్తుంది. కొన్నాళ్లకి అది రాత్రికి పదిహేనుసార్లవుతుంది. నాన్న హాల్లో పక్క వేసుకుంటాడు. ఈ ఇంట్లో ఎవరూ తప్పు చేయలేదు. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టారంతే. కానీ తాళం చూపించిన ప్రతిసారీ పాప మనసుకి అందుతున్న కబురు వేరు: నిజంగానే ప్రమాదం ఉంది, అమ్మ చూపిస్తేనే నేను బతుకుతాను అని. భయానికి ఇంటివాళ్లు ఇలా సర్దుకుపోవడం ఆ భయాన్ని పెంచుతుందని, వైద్యులు ముందుగా ఆ సర్దుబాటునే మెల్లగా తగ్గించమంటారు.

ఇది ఎంతవరకు పనిచేస్తుంది? అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 7 నుంచి 14 ఏళ్ల వయసున్న, ఆందోళన సమస్య ఉన్న 124 మంది పిల్లలతో ఒక అధ్యయనం చేసి 2020లో ప్రచురించారు. సగం మందికి పిల్లలతోనే థెరపీ చేశారు. మిగతా సగంలో పిల్లలను అసలు థెరపీకి పిలవలేదు, అమ్మానాన్నలకే శిక్షణ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ పిల్లలు దాదాపు ఒకే రకంగా కోలుకున్నారు. "జబ్బు వాడికైతే మమ్మల్నెందుకు పిలుస్తారు?" అనే ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నాకు కనపడలేదు. అయితే ఇది ఆందోళనకి సంబంధించిన ఫలితం. తీవ్రమైన డిప్రెషన్‌కో, భ్రమలు కలిగే జబ్బుకో దీన్ని యథాతథంగా అన్వయించకూడదు.

రెండు మూడుసార్లు వెళ్లి మానేసేది ఎందుకు

పాశ్చాత్య దేశాల అధ్యయనాల్లో తరచూ కనిపించే అంకె ఇది: పిల్లల మానసిక చికిత్స మొదలుపెట్టిన కుటుంబాల్లో 40 నుంచి 60 శాతం మధ్యలోనే ఆపేస్తాయి. ఆపేసినవాళ్లను మనవాళ్లు తేలిగ్గా "శ్రద్ధ లేదు" అనేస్తారు. యేల్‌లోనే అలన్ కాజ్డిన్ అనే మనస్తత్వవేత్త దీనిమీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన గమనించినవి చూస్తే శ్రద్ధ కంటే అడ్డంకుల గోల ఎక్కువ: రావడానికి పోవడానికి ఇబ్బందులు, ఈ వైద్యం మా సమస్యకి సంబంధించింది కాదేమోనన్న అనుమానం, చేయమన్నవి మోయలేనంత బరువనిపించడం, థెరపిస్టుతో పొసగకపోవడం.

మన బెంగళూరు లెక్క ఒకటి వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. రోజుకి 1,200 రూపాయలు మిగుల్చుకునే క్యాబ్ డ్రైవరు అనుకోండి. వారానికో సెషన్, ఫీజు 1,000. ఆ పూట బండి తీయకపోతే పోయేది 600. ముగ్గురూ కేఆర్ పురం నుంచి జయనగర్ దాకా పోయి రావడానికి 200. ఒక్క సెషన్‌కి 1,800. పన్నెండు వారాలకి 21,600. ఫీజు ఒక్కటే చూస్తే 12,000 కదా అనిపిస్తుంది, ఇంటికి పడే భారం దాదాపు రెట్టింపు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఫీజు బాగా తగ్గుతుంది, కానీ పోయే పూట పోతూనే ఉంటుంది, కొన్నిసార్లు రోజంతా. నాలుగో వారం ఆయన "ఇక నువ్వే తీసుకుపో" అని భార్యతో అంటే, అది మానసిక ఆరోగ్యం మీద చులకన అనుకోవడం అన్యాయం.

దీనికి దొరికిన పరిష్కారాలు ఆశ్చర్యపడేంత చిన్నవి. అమెరికాలో మేరీ మెక్‌కే అనే పరిశోధకురాలు 1990లలో ఒక పని చేసి చూశారు. మొదటి అపాయింట్‌మెంట్‌కి ముందే సుమారు అరగంట ఫోన్‌లో తల్లితోనో, ఇంట్లో బిడ్డను చూసుకునే మరొకరితోనో మాట్లాడటం. బిడ్డ గురించి మీకున్న బెంగ ఏమిటి, ఇంతకుముందు ఎక్కడికైనా వెళ్తే ఏం అనుభవమైంది, రావడానికి అడ్డమేముంది అని అడిగి, ఆ అడ్డం తొలగే దారి అక్కడికక్కడే కలిసి ఆలోచించడం. అలా మాట్లాడిన కుటుంబాలు మొదటి విజిట్‌కి రావడం చెప్పుకోదగ్గంత పెరిగింది. అక్కడ కొత్త మందు ఏదీ వాడలేదు, కొత్త థెరపీ ఏదీ ఇవ్వలేదు. తల్లి అనుమానాన్ని ఎదురు చెప్పడంగా తీసుకోకుండా, జవాబివ్వాల్సిన ప్రశ్నగా తీసుకున్నారు. కుటుంబాన్ని వైద్యంలో కలుపుకోవడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఫోన్ కాల్‌నే చూపిస్తాను.

మాత్రల మీద రెండు భయాలు, రెండిట్లోనూ ఎంత నిజం

"మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాలి" అన్నది మొదటి భయం. "బుర్ర మొద్దుబారుతుంది" అన్నది రెండోది. రెండూ మూఢనమ్మకాలని కొట్టిపారేస్తే ఇంటివాళ్లు డాక్టరు ముందు తలూపి, మాత్రలు బీరువాలో పెట్టేస్తారు. విడివిడిగా చూడటం మంచిది.

టీనేజీ డిప్రెషన్‌కి ఎక్కువగా వాడే మందుల్లో ఫ్లూక్సెటిన్ ఒకటి. అది అలవాటు పడే మత్తుమందు కాదు. కానీ దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే కనపడొచ్చు. కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు లాంటివి. ఈ తేడా ముందే చెప్పకపోతే పదో రోజున తల్లి "గుణం లేదు, పైగా నిద్ర పోయింది" అని ఆపేస్తుంది. ఆమె వైపు నుంచి చూస్తే అది సరైన నిర్ణయమే.

అసలు ప్రమాదం లేదా అంటే, ఉంది. ఈ రకం మందులు వాడే పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో గట్టి హెచ్చరిక పెట్టింది. వాళ్లు పరిశీలించిన ట్రయల్స్‌లో మందు తీసుకున్న పిల్లల్లో సుమారు 4 శాతం మందిలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 2 శాతం మందిలో అలాంటి ఆలోచనలో, ప్రవర్తనో కనిపించింది. ఆ ట్రయల్స్‌లో ఎవరూ చనిపోలేదు. అదే 2004లో 12 నుంచి 17 ఏళ్ల 439 మందితో జరిగిన మరో పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 12 వారాలకి ఫ్లూక్సెటిన్, థెరపీ రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 71 శాతం మంది బాగుపడ్డారు. మందు ఒక్కటే ఇస్తే 60.6, థెరపీ ఒక్కటే అయితే 43.2, ఉత్తుత్తి మాత్రకి 34.8 శాతం.

మందు మీద నమ్మకం ఉన్నవాళ్లు రెండో లెక్క చూపిస్తారు, భయం ఉన్నవాళ్లు మొదటిది. రెండూ నిజాలే. కలిపి చదివితే అర్థమయ్యేది: మందు మొదలైన కొత్తలో బిడ్డను దగ్గరుండి గమనించేవాళ్లు కావాలి. ఆ గమనించేది ఇంట్లోవాళ్లే తప్ప డాక్టరు కాదు. ఎంతకాలం వాడాలన్నది జబ్బును బట్టి మారుతుంది. చాలామంది పిల్లలకి కుదుటపడ్డాక కొన్ని నెలలు కొనసాగించి, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తేనే చిక్కు.

తాయత్తు, చర్చి, దర్గా

దీనిమీద ఎక్కువ చెప్పను. మనలో చాలా ఇళ్లలో డాక్టరు కంటే ముందు ఈ మెట్లే ఎక్కుతారు. ఎక్కామని చెబితే తిడతారని డాక్టరు దగ్గర దాస్తారు. దాచడం వల్ల జరిగే నష్టం, వెళ్లడం వల్ల జరిగేదానికంటే ఎక్కువ. కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం, మాత్రలు మాన్పించడం లేనంతవరకు నానమ్మ కట్టిన తాయత్తు చికిత్సకి అడ్డమేమీ కాదు. ఆ నానమ్మను కూడా ఒకసారి గదిలోకి పిలిచి మాట్లాడిన వైద్యులకి ఇంట్లో ఒక మద్దతుదారు దొరుకుతారు.

బిడ్డ చెప్పింది అమ్మకి చెప్పాలా

చిక్కుముడి అంతా ఇక్కడుంది. "పద్దెనిమిది నిండని పిల్ల, ఫీజు కట్టేది మేం, ఏం మాట్లాడిందో మాకెందుకు చెప్పరు?" అని ఒక తండ్రి అడిగితే దానిలో న్యాయముంది. "అన్నీ ఇంట్లో చెబుతారంటే నేను నోరు విప్పను" అని ఆ పిల్ల అంటే దానిలోనూ న్యాయముంది.

మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలకి చట్టబద్ధ సంరక్షకులే, అంటే మామూలుగా అమ్మానాన్నలే, ప్రతినిధులు. చికిత్సకి అనుమతి ఇచ్చేది వాళ్లే. ఆ బాధ్యత నెరవేర్చడానికి కావలసిన సమాచారం వాళ్లకి ఇవ్వొచ్చని చట్టం చెబుతుంది. కాబట్టి జబ్బేమిటి, చికిత్స ఏమిటి, ప్రమాదమేమైనా ఉందా అన్నవి తెలుసుకునే హక్కు వాళ్లది. అలాగని బిడ్డ పలికిన ప్రతి మాటా అప్పజెప్పాలని దాని అర్థం కాదు.

మంచి థెరపిస్టులు మొదటిరోజే అందరి ముందూ గీత గీస్తారు. స్నేహాలు, కోపాలు, ఇంట్లోవాళ్ల మీద ఫిర్యాదులు లోపలే ఉంటాయి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం చెప్పేస్తారు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం ఎవరికైనా తప్పనిసరి. థెరపిస్టుకీ మినహాయింపు లేదు. పదహారేళ్ల అమ్మాయి క్లాసులో ఒక అబ్బాయి నచ్చాడని చెప్పింది అనుకోండి, అది గదిలోనే ఉంటుంది. చేతి మీద బ్లేడుతో కోసుకుంటున్నానని చెప్పిందనుకోండి, తల్లికి చెబుతారు. అదీ పాపకి ముందుగా చెప్పి, వీలైతే పాప చేతే చెప్పిస్తారు.

ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే

"లోపల పడేస్తారు" అన్న భయం ఇంకా ఉంది. చట్టం ప్రకారం పిల్లలను చేర్చుకోవడం అసాధారణ పరిస్థితుల్లోనే. ఒక సైకియాట్రిస్టు, ఆయనతోపాటు మరొక సైకియాట్రిస్టో, మానసిక ఆరోగ్య నిపుణుడో, డాక్టరో విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. పిల్లలను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. తల్లో తండ్రో, వాళ్లు నియమించినవాళ్లో ఉన్నన్నాళ్లూ పక్కనే ఉండాలి. చేర్చిన 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకి తెలియజేయాలి. తీసుకెళ్లిపోతామని ఆ ప్రతినిధి అడిగితే డిశ్చార్జి చేయాలి. షాక్ ట్రీట్‌మెంట్ పిల్లలకి నిషేధం. సంరక్షకుల అనుమతి, బోర్డు ముందస్తు అనుమతి రెండూ ఉంటేనే మినహాయింపు. శారీరక జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని కూడా ఇదే చట్టం చెప్పింది. కానీ మామూలు పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తాయి కాబట్టి పైన లెక్కవేసిన 21,600 జేబులోంచే పోతుంది.

రెండో విజిట్‌కి అక్క తెచ్చిన కాగితం

మళ్లీ భాష దగ్గరికొస్తాను. బెంగళూరులో తెలుగు ఇళ్ల పిల్లలు ఇంగ్లిష్‌లో, కన్నడంలో గలగలా మాట్లాడతారు. అందుకని డాక్టరుకీ తల్లికీ మధ్య దుబాసీ పని బిడ్డ మీదే పడుతుంది. తన బాధ గురించి తల్లి చెప్పేదాన్ని తనే అనువదించడం ఏ బిడ్డకీ మోయలేని పని. తల్లిని కాపాడుకోవాలని కొన్ని మాటలు మింగేస్తాడు, తనను కాపాడుకోవాలని మరికొన్ని. మా వాడు చేసింది అదే. ఫోన్ సాయమైతే తెలుగులోనే దొరుకుతుంది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది. దానికి ముఖ్య కేంద్రం ఇక్కడి నిమ్హాన్సే. బిడ్డే కానక్కర్లేదు, బిడ్డ గురించి బెంగపడే అమ్మ కూడా చేయొచ్చు.

రెండోసారి వెళ్లేముందు ఆస్పత్రికి ఫోన్ చేసి తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటారా అని అడిగాం. ఒక సోషల్ వర్కర్ ఉన్నారు, చిత్తూరు ఆవిడ. పిల్లాడిని కాసేపు బయట కూర్చోబెట్టి అక్కతో విడిగా మాట్లాడారు. "ఏం అడగాలనుకున్నావో అడుగమ్మా, తొందరేం లేదు" అన్నారు. అక్క బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. పాత క్యాలెండర్ నుంచి చింపిన షీటు, వెనకవైపు పెన్సిల్‌తో రాసుకుంది. మాత్ర అన్నం ముందా తర్వాతా. పరీక్షల్లో నిద్రొస్తే ఏం చేయాలి. వాళ్ల నాన్న రాకపోతే ఒక్కదాన్నే రావచ్చా. పెళ్లప్పుడు చెప్పాలా. అన్నిటికంటే కింద, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసిన వరుస: మిద్దె తలుపుకి తాళం వేసేదా, వద్దా.

ఆవిడ కాగితమంతా చదివి, అన్నీ వదిలేసి ముందు దానికే జవాబు చెప్పారు. "వేయమ్మా. ఎందుకు వేస్తున్నావో బాబుకి చెప్పే వేయి."